చుక్క పడని డబ్బా

మూడో తారీఖు, మంగళవారం

రాయించేది నేను, రాసేది ఎదురు వాటాలో ఉండే టైపు టీచరమ్మ. మొదట పేరు చెప్పమంది. కాగితాల్లో ఉన్న పేరుతో నన్ను పిలిచినవాళ్ళెవరూ ఇప్పుడు మిగల్లేదు, అది వద్దు. మిల్లు క్యాంటీన్లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పొయ్యి దగ్గర నిలబడ్డాను. అక్కడ నిప్పమ్మ అన్నారు, ఇక్కడా అదే. వయసు డెబ్బై ఆరు. డెబ్బై ఎనిమిదని మా అబ్బాయి వాదిస్తాడు, నేను పుట్టినప్పుడు పక్కన నిలబడి చూసినట్టు. ఇంట్లో ముగ్గురం. నేను, లిఫ్టులు బాగుచేసే కొడుకు, సిటీ బస్సు నడిపే కోడలు. కింది అంతస్తులో రెండు గదులు, ఇద్దరు నిలబడితే మూడో మనిషి పట్టని వంటిల్లు, వెనక కాస్త గచ్చు. గచ్చు మీద గ్యాస్ గ్రిల్, మాంసం కాల్చుకునే ఊచల పొయ్యి. దాని కోసమే ఈ రాత.

నిన్న సాయంత్రం ఆ గ్రిల్ అడుగున మంట లేచింది. ఊచల మీద లేస్తే నేను బెదిరేదాన్ని కాదు, ముక్కల్ని పక్కకి జరిపి మూత వేస్తే చస్తుంది. ఇది కింది నుంచి లేచింది. మూత వేశాను, ఆగలేదు. నీళ్ళు పొయ్యలేదు, కొవ్వు మంట మీద నీళ్ళు పోసే రకం కాదు నేను. మంట నాలుక చాచి గ్యాస్ గొట్టం వైపు వెళ్తుంటే అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కోడలు, యూనిఫాం కూడా విప్పలేదు, వట్టి చేత్తో సిలిండరు కట్టేసింది. కుడి అరచెయ్యి కాలింది. పై అంతస్తు సెక్రటరీగారు తీగ మీద ఆరేసుకున్న తెల్ల చొక్కాకీ ఒక చెయ్యి పోయింది. మా కోడలి చెయ్యి ఎలా ఉందని బిల్డింగు కమిటీ ఇంతవరకు అడగలేదు. చొక్కా చేతికి మాత్రం ఇవాళ పొద్దున్నే ఉత్తరం వచ్చింది.

టీచరమ్మ చదివి చెప్పింది. పదిహేడో తారీఖు లోపల మేం రాసివ్వాలట, ఎవరి నిర్లక్ష్యం వల్ల జరిగిందో. ఎవరిదని తేలితే ఆ మనిషి ఇకమీద ఆ గ్రిల్ ముట్టించకూడదు, ఇంట్లో మిగతావాళ్ళు వాడుకోవచ్చు. ఎవరిదో చెప్పకపోతే గ్రిల్ ఇక్కడినుంచి తీసేయాలి. అందాకా ఎవరూ ముట్టించకూడదు.

ఎవరిదో నాకు తెలుసు. నాది కాదు.

కమిటీకి ఒక పేజీ చాలు అక్కా, అంది టీచరమ్మ. మిగతాది నాకు, అన్నాను. రోజూ మధ్యాహ్నం మూడింటికి వస్తాను, నేను చెప్పింది చెప్పినట్టు రాసి నీ బీరువాలో పెట్టు. మా ఇంట్లో పెడితే చదవగలిగినవాళ్ళు ఇద్దరున్నారు.

"చదవలేని మీకు డైరీ ఎందుకక్కా?"

"చదువుకోడానికి కాదు. నా వైపు మాట ఒకచోట పడి ఉండాలి. రాయి."

నాలుగో తారీఖు, బుధవారం

నా పద్ధతి రాయి. ఎవరైనా అడిగితే ఉండాలి.

కోడలు ఏడుంబావుకి గుమ్మంలోకి వస్తుంది. కొడుకు పది నిమిషాలు అటో ఇటో. ఏడున్నరకి పళ్ళెంలో తిండి ఉండాలి. పగలంతా బస్సు తోలిన మనిషి, లిఫ్టు గుంతలో తల పెట్టిన మనిషి ఇంటికొచ్చి ఎదురుచూడకూడదు. పొద్దున వాళ్ళు వెళ్ళగానే చికెన్ ముక్కలకి ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, కాస్త నూనె పట్టించి ఫ్రిజ్‌లో పెడతాను. నిమ్మకాయ అప్పుడే పిండను, పొద్దుటినుంచి పులుపులో నానితే ముక్క పిండిపిండి అయిపోతుంది. ఆరున్నరకి బయటికి తీస్తాను. ఏడింటికి పది నిమిషాల ముందు మూత తెరిచిపెట్టి ముట్టిస్తాను. మూసి ముట్టించేవాళ్ళున్నారు, లోపల గ్యాస్ చేరి ఒక్కసారిగా మొహాన కొడుతుంది, కనుబొమలు పోతాయి. వెలిగాక మూత వేసి పది నిమిషాలు వదిలేస్తాను. ఊచలు బాగా కాలాక తీగల బ్రష్‌తో గీకి, తెగిన తీగముక్క ఏదైనా అంటుకుని ఉంటుందేమోనని పట్టకారుతో తడిగుడ్డ పట్టి తుడిచి, ఆ తర్వాత నూనెగుడ్డ రాస్తాను. అప్పుడు వెయ్యాలి ముక్క. సుయ్‌మనాలి. సుయ్‌మనకపోతే వెనక్కి తియ్యి. వేశాక ఇక కదపకు. దానంతటది ఊచని వదిలేదాకా ఆగు. ఆత్రపడి లాగితే తోలు ఊచకి, ముక్క నీకు. ఒక పక్క చికెన్, రెండో పక్క చక్రాలుగా కోసిన వంకాయ, మొక్కజొన్న కంకులు, సగం చేసిన టమాటాలు. ఇరవై నిమిషాలు. ముక్కని కోసి చూడాలి, లోపల ఎరుపు ఉండకూడదు. దించాక అయిదు నిమిషాలు మూత పెట్టి ఉంచితే రసం లోపలే నిలబడుతుంది. నిమ్మకాయ అప్పుడు.

తిన్నాక అందరూ చతికిలబడతారు. నేను పడను. ముందు సిలిండరు దగ్గర కట్టేస్తాను, ఊచలు వేడిగా ఉండగానే మళ్ళీ గీకుతాను. వారానికోసారి గొట్టానికి సబ్బునీళ్ళు రాసి బుడగలొస్తున్నాయేమో చూస్తాను. అడుగున ట్రేలో వంటకి వాడే పల్చటి అల్యూమినియం రేకు పరుస్తాను, వారం వారం మారుస్తాను. కారిన కొవ్వు పట్టడానికి ట్రే కింద కొక్కేనికి ఒక చిన్న డబ్బా వేలాడుతుంది. రెండు నెలలుగా ఆ డబ్బాలో చుక్క పడలేదు. నేను వండే శుభ్రం అలాంటిది. క్యాంటీన్ మేనేజరు ఉంటే నలుగురినీ పిలిచి చూపించేవాడు.

నెలకోసారి లోపలి గోడలు గీకడం, బర్నరు కన్నాల్లో పిన్ను పెట్టి మసి తియ్యడం మా కోడలి వంతు. పోయిన నెల చెయ్యలేదు. రాశావా? కింద గీత పెట్టు.

అయిదో తారీఖు, గురువారం

కొన్న రొట్టె, కొన్న కూర. ఆకలి లేదన్నాను. ఉంది.

ఏడో తారీఖు, శనివారం

సెక్రటరీగారు కిందికి దిగొచ్చారు. నడుముకి బిల్డింగు తాళాల గుత్తి, ఆయన కంటే ముందు అదే వస్తుంది. నేను గచ్చు మీదే ఉన్నాను.

"పెద్దమ్మగారూ, నాకు మీ మీద పగేం లేదు. కానీ పైన నలభై మంది ఉంటున్నారు. గ్యాస్ అంటుకుని ఉంటే?"

"అంటుకోలేదుగా."

"మీ కోడలు కట్టేసింది కాబట్టి అంటుకోలేదు."

"కట్టడం సరే, దాన్ని శుభ్రం చెయ్యాల్సిందెవరో అడగండి."

చిన్న డబ్బా కొక్కెం నుంచి తీసి ఆయన ముక్కు కింద పెట్టాను. లోపల వేలు తిప్పి చూపించాను. పొడి.

"ఇది నేను చూసుకునే భాగం. రెండు నెలలు. ఒక్క చుక్క చూపించండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని డబ్బాలోకి చూశారు. వెలుగుకి ఎత్తి చూశారు. వాసన కూడా చూశారు, ఏం వాసనొస్తుందనుకున్నారో.

"నిజమే, తళతళలాడుతోంది," అన్నారు. "ఇంత జాగ్రత్త మనిషి వల్ల జరిగిందంటే నమ్మబుద్ధి కాదు."

"నమ్మకండి."

"అయితే ఎవరి వల్ల అన్నది మీరే రాసివ్వండి. మీరు రాస్తే నేను ఒప్పిస్తాను కమిటీని. గ్రిల్ ఉంటుంది, మీరే ముట్టించుకోండి."

వెళ్తూ చొక్కా సంగతి ఎత్తారు. అది ఆయన కూతురు కొనిచ్చిందట. కాలినంత మేరా కత్తిరించి పొట్టి చేతుల చొక్కా చేసుకోమన్నాను. నవ్వలేదు.

వంటింటి కిటికీలో కోడలు నిలబడి ఉంది. విన్నదో లేదో. వింటే మంచిదే.

ఎనిమిదో తారీఖు, ఆదివారం

కొడుకు పొద్దున్నే మొదలుపెట్టాడు.

"అమ్మా, ఆ గ్రిల్ తీసేద్దాం. గొడవ వదిలిపోతుంది."

"నన్నెక్కడ తీసి పెడతావు మరి?"

"నిన్నెందుకు తీస్తాను? లోపల స్టవ్ ఉందిగా."

స్టవ్ ఉంది. స్టవ్ కోడలిది. దాని మీద గిన్నెలు ఆమె సర్దినట్టు ఉంటాయి, గరిటెలు ఆమె తగిలించినచోట ఉంటాయి. నేను ఒకటి కదిపితే ఏమీ అనదు, మళ్ళీ తీసి అక్కడే పెడుతుంది. ఏమీ అనకపోవడమే ఆమె అనడం. మూడేళ్ళ కిందట వీడు మూతపడ్డ హోటల్లో లిఫ్టు విప్పడానికి వెళ్ళి, చెత్తలో పోతోందని ఈ గ్రిల్ తెచ్చి గచ్చు మీద పెట్టిన రోజున నాకీ ఇంట్లో నిలబడే చోటు దొరికింది. అంతకుముందు రెండేళ్ళు టీవీ ముందు కుర్చీలో కూర్చున్నాను. వాళ్ళిద్దరూ డ్యూటీ సంగతులు చెప్పుకుంటుంటే ఏం చూస్తున్నానో తెలియకుండా చూశాను. ఇది వాడికి చెప్పలేదు. నీకు చెబుతున్నాను టీచరమ్మా, రాసేయ్.

వాడితో అన్నదిది: "మీ ఆవిడ తన వంతు పని చేసి ఉంటే ఈ గొడవే లేదు."

"డబల్ డ్యూటీలు చేసిందమ్మా పోయిన నెల!"

కోడలు బల్ల దగ్గర ఎడమ చేత్తో రొట్టె చింపుతోంది. "నా వంతు చెయ్యలేదండీ, నిజమే," అంది. అంతే. వాదన లేదు, ఏడుపు లేదు. వాదించే మనిషైతే నాకు సుఖంగా ఉండేది.

అప్పుడు వాడు చెప్పాడు. మూడు వారాలు సెలవు కావాలంటే డిపోవాళ్ళు కాగితం అడుగుతున్నారట, ఎలా కాలిందో. కమిటీ తేల్చిన కాగితం నకలు పెట్టమన్నారట. అందులో ఆమె నిర్లక్ష్యమని ఉంటే అది ఆమె ఫైల్లో చేరుతుంది. పదకొండేళ్ళుగా బస్సు నడుపుతోంది, ఆ ఫైల్లో ఇంతవరకు ఒక్క గీత లేదట.

"ఆలోచించి రాయించమ్మా," అన్నాడు.

వాడికి తెలుసన్నమాట, నేను రాయిస్తున్నానని.

పదో తారీఖు, మంగళవారం

ట్రే శుభ్రంగానే ఉండేది. రెండు వారాలకోసారి రేకు మార్చేదాన్ని.

ముందు వారం వారం అన్నారు, అంది టీచరమ్మ. నువ్వు రాయి, లెక్కలు చూడకు, అన్నాను.

పదకొండో తారీఖు, బుధవారం

కోడలు జుట్టు ముడి వేసుకోవడానికి ఒంటి చేత్తో తంటాలు పడింది. చూశాను. లేవలేదు.

పన్నెండో తారీఖు, గురువారం

స్టవ్ మెకానిక్కుని కొడుకు పంపాడు, గొట్టం, రెగ్యులేటరు మార్చడానికి. నలభై ఏళ్ళవాడు, చెవిలో పెన్సిలు. కోడలు ఆసుపత్రికి కట్టు మార్పించుకోడానికి వెళ్ళింది. వాడూ నేనూ గచ్చు మీద.

గొట్టం మార్చాడు. నేనే సబ్బునీళ్ళు కలిపి తెచ్చి రాశాను, బుడగ రాలేదు. పనిమంతుడే అనుకున్నాను. బర్నర్లు ఊడదీసి, కన్నాలు చూసి, "ఇవి మరీ అంత మూసుకుపోలేదే," అన్నాడు. నాకు నచ్చలేదు. "సరిగ్గా చూడు," అన్నాను.

"చూశాను పెద్దమ్మా. నెల మసి ఉంది, అంతే. దీనివల్ల అడుగున మంట లేవదు." అని, చిన్న డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "ఇదెప్పుడు కడిగారు?"

"కడగక్కర్లేదు. రెండు నెలలుగా చుక్క పడలేదు." సెక్రటరీగారికి చెప్పిన గొంతుతోనే చెప్పాను.

వాడు డబ్బాలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు.

"వారానికెన్నిసార్లు కాలుస్తారు?"

"నాలుగు. ఒక్కోసారి అయిదు."

"తోలున్న చికెనేనా?"

"తోలు తీసేస్తే ఏముంటుంది అందులో, రబ్బరు."

"అయితే రెండు నెలల కొవ్వు ఎటు పోయింది పెద్దమ్మా?"

డబ్బా వాడి చేతిలోంచి లాక్కుని మళ్ళీ వేలు తిప్పాను. పొడి.

వాడు ట్రేని అడుగునుంచి లాగి నా ముందు పెట్టాడు. బోసిగా ఉంది, నల్లగా కాలింది. నాలుగు వైపులనుంచీ మధ్యకి వాలుగా, మధ్యలో రూపాయి బిళ్ళంత కన్నం. "కారిందంతా ఈ కన్నంలోంచి డబ్బాలో పడాలి. డబ్బా నిండుతూ ఉంటేనే గ్రిల్ క్షేమంగా ఉన్నట్టు. అది ఖాళీగా ఉండకూడదమ్మా, ఉంటే కొవ్వంతా ట్రేలోనే నిలిచి అంటుకుంటుంది. ఈ ట్రే మీద ఎవరైనా ఏమైనా పరిచారా?"

"లేదు," అన్నాను.

వాడు ట్రే తుడిచి లోపలికి తోశాడు. వెళ్ళేటప్పుడు మాత్రం, "పరిస్తే పరచకండి. చాలామంది శుభ్రమనుకుని చేస్తారు," అని చెప్పి వెళ్ళాడు.

పదమూడో తారీఖు, శుక్రవారం

వచ్చాను. టీ తాగాను. వెళ్ళాను.

పధ్నాలుగో తారీఖు, శనివారం

ఆ కన్నం నాకు తెలియదా? మూడేళ్ళు తోమాను ఆ ట్రేని. వేలుపెట్టి కన్నం చుట్టూ తిప్పి తోమాను. మణికట్టు నొప్పి మొదలయ్యాక రేకు తెచ్చాను. తెచ్చి పరిచి అరచేత్తో రుద్దుతుంటే మధ్యలో మెత్తగా గుంట తగిలేది. ప్రతిసారీ తగిలేది. అక్కడ కాస్త చింపాలని చేతికి తెలుసు. చింపితే కొవ్వు కారి డబ్బా నిండుతుంది, డబ్బా తోమాలి, మళ్ళీ మణికట్టు. చింపలేదు.

వారం వారం మార్చలేదు. రెండు వారాలకోసారీ కాదు. పాత రేకు తియ్యడం బరువుగా, జిడ్డుగా ఉండేది. దాని మీదే కొత్తది వేశాను. పైన మెరుస్తూ ఉండేది. ఎన్నిసార్లు వేశానో లెక్క లేదు.

టీచరమ్మ కలం ఆపింది. ఆపకు.

ఇప్పుడు ఇంకో లెక్క రాయి. ఈ సంగతి మెకానిక్కు తప్ప ఎవరికీ తెలియదు, వాడికీ నేను లేదని చెప్పాను. సెక్రటరీగారు డబ్బా చూసి నన్ను నమ్మారు. కమిటీ కాగితం నువ్వు ఎప్పుడో రాసిపెట్టావు, నా గుర్తు పడటమే తరువాయి. అందులో రాసింది అబద్ధం కూడా కాదు, ఆమె తన వంతు పని చెయ్యలేదు, తనే ఒప్పుకుంది. గ్రిల్ ముట్టించకూడదంటే ఆమెకి పోయేదేముంది, ఎప్పుడు ముట్టించింది గనక? నాకు పోతే అంతా పోతుంది. ఫైల్లో ఒక గీత పడితే బస్సు ఆగుతుందా? ఆగదు.

ఇదంతా రాశావా?

చదివి వినిపించు.

చాలు, ఆపు.

పదిహేనో తారీఖు, ఆదివారం

ఈ ఆదివారం కూడా వచ్చాను. తలుపు తీసినందుకు టీచరమ్మకి దండం.

పొద్దున కోడలు తలంటుకుంది. ఒంటి చేత్తో ఎలా పోసుకుందో, సగం నురుగు చెవి వెనకే ఉంది. గుమ్మంలో కూర్చుని దువ్వెనతో కుస్తీ పడుతోంది. దువ్వెన లాక్కున్నాను.

"ఇలా తిరుగు."

"వద్దండి అత్తయ్యా, నేను..."

"తిరగమన్నానా!"

తిరిగింది. కూతురు లేనిదాన్ని, ఇంకొకరి జుట్టు దువ్వి ఎన్నేళ్ళయిందో. చిక్కులు తీస్తుంటే తల వెనక్కి వాలి నా మోకాలికి ఆనింది. ఆనగానే నిటారుగా లేచింది.

మొహం కనబడనప్పుడు అడగడం తేలిక. అడిగాను. "ట్రే మీద రేకు ఉండేది. ఏమయింది?"

చెవి వెనక నురుగు ఎడమ చేత్తో తుడుచుకుంది.

"నేనే తీసేశాను. మంట లేచిన మర్నాడు, మీరు టీచరుగారింటికి వెళ్ళినప్పుడు. అయిదు పొరలున్నాయి అత్తయ్యా."

"అయిదా!"

"అయిదు. కింది పొరలో కొవ్వు ఇంత మందాన గడ్డకట్టి ఉంది. సంచీలో చుట్టి చెత్తబండిలో వేశాను."

"అంటే పన్నెండు రోజులుగా నీకు తెలుసు. నేను నీ మొహం మీదే నిన్నంటున్నా కూడా."

"ఊఁ."

"నన్ను చూసి జాలిపడ్డావన్నమాట." దువ్వెన గట్టిగా లాగాను.

"అబ్బా! జాలేంటండీ, జుట్టు ఊడిపోతోంది, మెల్లగా! జాలి కాదు, నా స్వార్థం. ఏడుంబావుకి ఇంటికొచ్చేసరికి వీధి మొదట్లోకే వాసన వస్తుంది. ఆ మలుపు తిరిగాక కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. మీరు ముట్టించకపోతే ఎవరు ముట్టిస్తారు? మీ అబ్బాయా? ఆయన గుడ్డు ఉడకబెడితే గిన్నె మాడుతుంది."

"నీ ఫైలో మరి?"

"పదకొండేళ్ళ ఫైలు. ఒక గీత పడితే పడింది అనుకున్నాను." కాస్త ఆగి, "రోజులు గడిచేకొద్దీ అలా అనుకోలేకపోతున్నాను," అంది. "డిపోలో ఆడ డ్రైవర్లం నలుగురం. నా ఫైల్లో నిర్లక్ష్యం అని పడితే మా నలుగురి మీదా అదే మాట తిప్పుతారు. అడుగుదామనుకున్నాను మిమ్మల్ని. నోరు రాలేదు."

జడ వేశాను. మరీ బిగించానేమో, కళ్ళు సాగదీసినట్టు కనబడ్డాయి. వదులు చెయ్యమంది. చేశాను.

పదహారో తారీఖు, సోమవారం

నిన్న సాయంత్రం ఏడుంబావుకి గచ్చు మీదికి వెళ్ళి గ్రిల్ మూత ఎత్తాను. ఏమీ చెయ్యలేదు. ఊచల మీద చెయ్యి పెట్టి చల్లగా ఉన్నాయని చూసి మూసేశాను.

పదిహేడో తారీఖు, మంగళవారం

ఇవాళ సాయంత్రం టీచరమ్మే మా ఇంటికి వచ్చి, ఇదివరకు రాసిన కమిటీ పేజీ చింపేసింది. చింపమన్నది నేను. ఇప్పుడు చెప్పింది వేరే కాగితం మీద రాసింది, దాని నకలు ఇక్కడ కూడా ఉండాలని రాయించాను:

"కమిటీవారికి. రెండో తారీఖు సాయంత్రం మా గచ్చు మీద గ్రిల్ అడుగున మంట లేవడానికి కారణం నేను. కొవ్వు కారే కన్నం మూసుకుపోయేలా ట్రే మీద రేకు పరిచాను, పాతది తియ్యకుండా అయిదు పొరలు వేశాను. కన్నం అక్కడుందని నాకు తెలుసు. ఖాళీ డబ్బా చూపించి సెక్రటరీగారిని నమ్మించాను. అది శుభ్రానికి గుర్తు కాదు, తప్పుకి గుర్తు. మా కోడలు సిలిండరు కట్టేసి చెయ్యి కాల్చుకుంది. ఆమె నిర్లక్ష్యం ఏమీ లేదు. ఆమె డిపోవారికి ఈ కాగితం నకలు పంపాలి, ఈ మాట చిన్న అక్షరాల్లో కాకుండా అందరికీ కనబడేలా ఉండాలి. మీరు పెట్టిన నియమం ప్రకారం ఇకనుంచి ఆ గ్రిల్ నేను ముట్టించను. కోడలు ముట్టిస్తుంది, చెయ్యి మానేదాకా కొడుకు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. తప్పు చేస్తే చెబుతాను. నా నోరు మూయించే అధికారం కమిటీకి ఉన్నట్టు మీ ఉత్తరంలో లేదు, రెండుసార్లు చదివించుకున్నాను. చొక్కాకి కొత్త చెయ్యి కుట్టించి ఇస్తాం, కొలత పంపండి."

చొక్కా మాట తీసేద్దామంది టీచరమ్మ. ఉండనీ అన్నాను.

కొడుకు పని మానుకుని వచ్చాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. "అమ్మా..." అన్నాడు. ఇంకేమీ అనలేదు. మంచిపని చేశాడు, అనుంటే నేను ఏడ్చేదాన్ని. ఇంతమంది ముందు ఏడవడం నాకు ఇష్టం లేదు.

రెండో సాక్షి సంతకం కోడల్ని పెట్టమన్నాను. పెట్టనంది.

"అంతా మీ మీదే వేసుకుంటే ఎలా అత్తయ్యా? నా వంతు గీకలేదు కదా, అదీ రాయండి."

"ఆ మసికి మంట లేవదని మెకానిక్కు చెప్పాడు. నాకు లేని గొప్పతనం నాకంటగట్టకు. పెట్టు."

"కుడి చెయ్యి కట్టులో ఉంది, ఎలా పెట్టను?"

"ఎడమ చేత్తో పెట్టు. నేను రెండు చేతులూ ఉండి కూడా గీతే గీస్తున్నానుగా."

కలం పిడికిట్లో పట్టుకుని నాలుక కొరుక్కుంటూ పెట్టింది. అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చాయి. నా గుర్తు పక్కన పెట్టి చూస్తే ఏది చదువుకున్నవాళ్ళదో టీచరమ్మ కూడా చెప్పలేకపోయింది. అందరం నవ్వాం. ముందు నవ్వింది నేనే, రాయి.

కాగితం సెక్రటరీగారికి ఇచ్చొచ్చాం, ఏడుంబావు అవుతోంది. మావాడు వెనక గ్రిల్ మూత మూసిపెట్టి అగ్గిపుల్ల గీస్తున్నాడు. నేను వెళ్ళి అరవాలి. త్వరగా ముగించు.

రాయించిన మనిషి గుర్తు: సున్నా, దాని మధ్యలో అడ్డగీత. నిప్పమ్మ.

సాక్షులు:
టైపు టీచరు, ఎదురు వాటా.
కోడలు, సిటీ బస్సు డ్రైవరు, ఎడమ చేత్తో.